విన్నపము వ్రాయు విధము

మానవుడు ఒంటరిగా జీవింపజాలడు. పదిమంది కలిసి ఒకచోట నివసించునపుడు నీరు, దారి, దీపము, పారిశుద్ధ్యము అనునవి అందరికిని ఉమ్మడి విషయములగును. ఇంటిలోని దీపము ఆరినచో ఇంటి యజమాని దానిని బాగుచేసికొనును. వీధిదీపము ఆరినచో దానిని ఎవరు బాగుచేయవలెను? “అది నా పని కాదు” అని ప్రతివాడును తలచినచో ఆ వీధి నెలల తరబడి చీకటిలోనే యుండును. ఇట్టి ఉమ్మడి పనులను నెరవేర్చుటకే గ్రామములందు పంచాయతీలును, పట్టణములందు పురపాలక సంఘములును, పెద్ద నగరములందు నగరపాలక సంస్థలును ఏర్పడినవి.

1959వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన షాద్‌నగరులో నాటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ఆంధ్రప్రదేశమున పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించెను. ఆ షాద్‌నగరు నేడు తెలంగాణ రాష్ట్రమున నున్నది. అటుపిమ్మట 1992లో ఆమోదము పొంది 1993లో అమలునకు వచ్చిన 73వ, 74వ రాజ్యాంగ సవరణల వలన పంచాయతీలకును పురపాలక సంఘములకును రాజ్యాంగమునందే స్థానము లభించినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు పదునొకండవ షెడ్యూలులోను, పురపాలక సంఘములకు అప్పగింపదగిన 18 విషయములు పండ్రెండవ షెడ్యూలులోను పేర్కొనబడినవి. త్రాగునీరు, దారులు, పారిశుద్ధ్యము, వీధిదీపములు వానిలోనివే. కావున మన వీధి కాలువను శుభ్రము చేయించుట యెవరో దయతలచి చేయు ఉపకారము కాదు. అందుకై ప్రజలు పన్ను చెల్లించుచున్నారు, ప్రతినిధులను ఎన్నుకొనుచున్నారు.

అయినను పురపాలక సంఘమునకు ప్రతి సందులోను కన్నులు లేవు. ఒక సందులో బండ విరిగిన సంగతి ఆ సందులో నడచువారికే మొదట తెలియును. తెలిసినవారు తెలియనివారికి ఆ సంగతిని సక్రమముగా ఎరిగించుటయే విన్నపము. దీనినే అర్జీ యనియు, ఫిర్యాదు అనియు అందురు. కోపమును కాగితముపై కుమ్మరించుట విన్నపము కాదు. న్యాయస్థానమున సాక్షి ఎట్లు తాను చూచినదానిని చూచినట్లు చెప్పునో, అట్లే అర్జీదారుడును చెప్పవలెను. ఈ ఒక్క విషయమును మనసున నిలుపుకొనినచో తక్కినవన్నియు సులభముగా బోధపడును.

ఒక ఉదాహరణమును తీసికొందము. ఒక పట్టణమున పాఠశాలకు పోవు వీధిలో మురుగుకాలువపై పరచిన బండ విరిగినదనుకొనుడు. ఆ వీధివాడొకడు కమిషనరుగారికి ఇట్లు వ్రాసెను:

“అయ్యా! మా వార్డును పట్టించుకొను నాథుడు లేడు. ఎన్నిమార్లు చెప్పినను మీ సిబ్బంది చెవిటివాని ముందు శంఖమూదినట్లు ఊరకున్నారు. మా వీధి యంతయు నరకము. ఓట్లకు మాత్రము వత్తురు. ఇప్పటికైనను కన్నులు తెరచి తగిన చర్య తీసికొనుడు.”

ఈ ఉత్తరమున కోపమున్నది. ఆ కోపమునకు కారణము కూడ నుండవచ్చును. కాని దీనిని చదివిన గుమాస్తాకు ఏమి తెలిసినది? ఏ వార్డు? ఏ వీధి? కాలువయా, కుళాయియా, దీపమా? “ఎన్నిమార్లు” అనగా ఎప్పుడెప్పుడు? “తగిన చర్య” అనగా నేమి? ఇందులో ఒక్క ప్రశ్నకైనను సమాధానము లేదు. ఎవరిని పంపవలెనో, ఎచటికి పంపవలెనో తెలియని ఉత్తరము కట్టలో చేరి అచటనే నిలిచిపోవును. నిందింపబడిన ఉద్యోగి తనను తాను సమర్థించుకొనుటకు పూనుకొనునే గాని బండను గూర్చి ఆలోచింపడు.

అదే సంగతిని మరియొకడు ఇట్లు వ్రాసెను:

“కమిషనరుగారికి, పురపాలక సంఘ కార్యాలయము.

విషయము: 7వ వార్డు, బడివీధి – మురుగుకాలువపై విరిగిన బండను మార్పించ కోరుట.

ఆర్యా,

బడివీధిలో ఉన్నత పాఠశాల ద్వారమునకు తూర్పుగా ఇరువది అడుగుల దూరమున, మురుగుకాలువపై నున్న బండ ఈ జూన్ 16వ తేదీన ఇటుకల లారీ యెక్కుట వలన విరిగినది. అచట మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల గొయ్యి యేర్పడినది. కాలువ లోతు నాలుగడుగులు. ఈ దారిని ప్రతిదినము ఉదయము, సాయంకాలము బడిపిల్లలు నడచుచున్నారు.

23వ తేదీ సాయంకాలము వాన కురిసినపుడు నీరు పొంగి, గొయ్యి కానరాకుండెను. నాలుగవ తరగతి బాలుడొకడు అందులో పడెను. ప్రక్కదుకాణము వారు చేయి పట్టి పైకి లాగిరి. బాలుని మోకాలికి గాయమైనది. మేము ప్రస్తుతము చుట్టును రాళ్లు పేర్చి, కఱ్ఱకు ఎఱ్ఱగుడ్డ కట్టి నిలిపితిమి. కాని వాన ముదిరినచో ఇది నిలువదు.

కావున వెంటనే అడ్డుకట్ట యేర్పరచి, వారము దినములలో క్రొత్త బండ వేయింప ప్రార్థించుచున్నాము. 17వ తేదీన వార్డు కౌన్సిలరుగారికి నోటిమాటగా తెలిపియున్నాము. ఛాయాచిత్రములు రెండు జతపరచితిమి.”

దిగువ తేదీ, సంతకములు, ఇంటి నెంబర్లు, ఫోను నెంబరు ఉన్నవి. ఈ విన్నపమున గట్టిమాట యొక్కటియు లేదు. అయినను చదువువాని గుండె ఒక్కక్షణము ఆగును. నీటిక్రింద కానరాని గొయ్యియు, అందులో పడిన పసివాడును కన్నులకు కట్టుదురు. నిజమును కొలతతో, తేదీతో చెప్పినపుడు అది తనంత తానే బలమైన మాట యగును. ఇంతేకాదు, ఈ కాగితము అందిన పిమ్మట “మాకు తెలియదు” అని చెప్పుటకు ఎవరికిని వీలుండదు.

ఈ రెండవ ఉత్తరమును పరిశీలించినచో మంచి విన్నపమునకు ఉండవలసిన అంగములు తెలియును. ఏది చెడినది, ఎచట చెడినది, ఎప్పటినుండి చెడినది, దానివలన ఎవరికి ఏ హాని కలుగుచున్నది, ఇదివరకు ఎవరికి తెలిపితిమి, ఇప్పుడు ఏమి కోరుచున్నాము అను ఆరు సంగతులును ఇందులో కలవు. ఒక విన్నపమున ఒక్క సమస్యనే వ్రాయవలెను. కాలువబండ, కుక్కల బెడద, కుళాయి నీరు, దోమలు అన్నియు ఒకే కాగితమున వ్రాసినచో, ఆ కాగితము నాలుగు విభాగములకు పోవలసి వచ్చి ఏ విభాగమునకును చెందకుండ పోవును.

అతిశయోక్తి కావ్యమున అలంకారము, అర్జీలో దోషము. ఒక నిదర్శనము చూడుడు. మురుగుకాలువ నిలిచినపుడు పలువురు “ఈ కాలువ వలన డెంగ్యూ వచ్చుచున్నది” అని వ్రాయుదురు. డెంగ్యూను వ్యాపింపజేయు ఏడిస్ దోమ సాధారణముగా మురుగునీటిలో గాక, తొట్లు, పాతటైర్లు, పూలకుండీలు, కొబ్బరిచిప్పలు మున్నగువానిలో నిలిచిన శుభ్రమైన నీటిలో పెరుగును. మురుగునీటిలో విరివిగా పెరుగునది క్యూలెక్స్ దోమ. బోదకాలు వ్యాధిని వ్యాపింపజేయునది ఇదియే. ఈ భేదము తెలిసిన ఆరోగ్యోద్యోగి అర్జీలోని ఒక్క తప్పును పట్టుకొని తక్కిన నిజమును కూడ త్రోసిపుచ్చవచ్చును. కావున తెలిసినంతవరకే వ్రాయుట మేలు. “కాలువ పదునైదు దినములుగా పారుట లేదు, నీటిలో దోమపిల్లలు కనబడుచున్నవి” అనిన చాలును. అది ఎవరు వచ్చి చూచినను నిలుచు మాట.

ఇక విన్నపమును ఎవరికి పంపవలెనో తెలిసికొనవలెను. గురి తప్పిన బాణము ఎంత వాడియైనను వ్యర్థమే. గ్రామమున వీధిదీపములు, కాలువలు, చెత్త మున్నగువాని విషయమై పంచాయతీ కార్యదర్శికిని సర్పంచికిని వ్రాయవలెను. పట్టణమున కమిషనరుకు వ్రాసి, ఆ వార్డు ప్రతినిధికి నకలు ఇచ్చుట మంచిది. దీపము వెలుగనిచో స్థానిక సంస్థకు చెప్పవలెను గాని, తీగ తెగి వ్రేలాడుచున్నచో ముందుగా విద్యుత్ పంపిణీ సంస్థకు చెప్పవలెను. ఊరిమీదుగా పోవు పెద్దరోడ్డు రోడ్లు భవనముల శాఖదో, జాతీయ రహదారుల సంస్థదో కావచ్చును. అపుడు పంచాయతీ దానిని స్వయముగా బాగుచేయజాలదు. సాగునీటి కాలువ గట్టు కోసికొనిపోయినచో నీటిపారుదల శాఖకు తెలుపవలెను. ఎవరిదో తెలియనపుడు స్థానిక కార్యాలయమునకు పోయి అడిగిన వారే చెప్పుదురు. ఆ అరగంట శ్రమ అరనెల ఆలస్యమును తప్పించును.

తీగ తెగుట, గోడ కూలుట వంటి ప్రాణాపాయ సమయములందు కాగితము వ్రాయుచు కూర్చుండరాదు. మొదట ఫోనులో తెలిపి, జనులను దూరముగా నిలిపి, అటుపిమ్మట వ్రాయవలెను. విద్యార్థులు ఇట్టివాని చెంతకు పోయి ఛాయాచిత్రములు తీయుటకు సాహసింపరాదు.

విన్నపమున పేరు, చిరునామా తప్పక యుండవలెను. పేరు లేని ఉత్తరమును మనవారు ఆకాశరామన్న ఉత్తరమందురు. ఆకాశరామన్న చెప్పినది నిజమైనను అడిగి తెలిసికొనుటకు ఆయన దొరకడు! తన మాటకు తాను నిలుచువాడే సాక్షి. ఒక్కడు వ్రాయుటకంటె వీధివారు పదిమంది కలిసి సంతకములు చేయుట మేలు. పూర్వము ఇట్టి ఉమ్మడి అర్జీని మహజరు అనెడివారు. కాని సంతకములు చేయువారందరును చదివి, లేదా చదివించుకొని, సమ్మతించిన పిమ్మటనే చేయవలెను. ఒకరి సంతకమును మరియొకరు చేయుట మోసము. చదువురాని అవ్వ వేలిముద్ర వేయునపుడు ఆమెకు ప్రతి వాక్యమును చదివి వినిపించుట చదువుకొన్న మీ విధి.

విన్నపమునకు రెండు ప్రతులు వ్రాయవలెను. ఒకటి కార్యాలయమున ఇచ్చి, రెండవదానిపై అందినట్లు ముద్రయు, తేదీయు, ఇన్‌వార్డు నెంబరును వేయించుకొనవలెను. తపాలాలో పంపినచో రిజిస్టరు చేసి రసీదును దాచవలెను. నేడు ఫోను ద్వారాను, కంప్యూటరు ద్వారాను ఫిర్యాదులు చేయు వసతి కలదు. అట్లు చేసినపుడు లభించు నెంబరును వ్రాసి యుంచుకొనవలెను. ఈ చిన్న జాగ్రత్త లేనిచో, నెల గడచిన పిమ్మట “మీరు ఇచ్చితిరా?” అను ప్రశ్నకు మన యొద్ద జవాబుండదు. నోటిమాట గాలికి పోవును. ముద్రపడిన కాగితము నిలుచును.

కోరిన గడువు గడచినను పని జరుగనిచో ఏమి చేయవలెను? మొదట మర్యాదగా జ్ఞాపకము చేయవలెను. అందులో పాత అర్జీ తేదీయు నెంబరును ఉదహరింపవలెను. అప్పటికిని ఫలితము లేనిచో పై యధికారికి వ్రాయవలెను. గ్రామమునకు సంబంధించినచో మండల పరిషత్తు అభివృద్ధి అధికారి, జిల్లా పంచాయతీ అధికారి కలరు. ప్రజల అర్జీలను స్వీకరించుటకు జిల్లా కలెక్టరు కార్యాలయములందు సోమవారము కేటాయింపబడినది. తెలంగాణమున ఆ కార్యక్రమమును ప్రజావాణి అందురు. గ్రామసభ జరిగినపుడు నలుగురి యెదుట సమస్యను ప్రస్తావించి, తీర్మానముల పుస్తకమున వ్రాయింపవచ్చును.

2005లో వచ్చిన సమాచార హక్కు చట్టము కూడ పౌరునకు గొప్ప సాధనము. “ఫలానా తేదీన నేనిచ్చిన అర్జీపై ఏ చర్య తీసికొంటిరి? అది ఇప్పుడు ఏ ఉద్యోగి యొద్ద నున్నది?” అని ఈ చట్టము క్రింద అడుగవచ్చును. సాధారణముగా 30 దినములలో సమాధానమీయవలెను. ఈయనిచో అదే శాఖలోని పై యధికారికి అప్పీలు చేసికొనవచ్చును. బండ వేయుమని ఆజ్ఞాపించుట ఈ చట్టము పని కాదు. కాని కదలని కాగితము ఎచట ఆగినదో వెలుగులోనికి తెచ్చును. ఆగినచోటు తెలిసినచో అడుగవలసినవారెవరో తెలియును.

ఓపికతోడి విన్నపము ఎంతదూరము పోగలదో చూపుటకు మధ్యప్రదేశములోని రత్లాం పట్టణపు కథ చాలును. అచట ఒక వార్డులోని ప్రజలు కంపుకొట్టు మురుగుతోను, దోమలతోను బాధపడుచుండిరి. సరియైన కాలువలు లేవు. సమీపమున నివసించు పేదలకు మరుగుదొడ్లు లేనందున వారు వీధినే ఆశ్రయింపవలసి వచ్చెను. మద్యసారపు కర్మాగారము నుండి మలిననీరు కూడ వీధిలోనికి వచ్చుచుండెను. పురపాలక సంఘము కదలలేదు. అపుడు ఆ వీధివారు క్రిమినల్ ప్రొసీజర్ కోడు 133వ సెక్షను ననుసరించి మేజిస్ట్రేటుకు మొరపెట్టుకొనిరి. ప్రజలకు ఉమ్మడిగా కలుగు ఉపద్రవమును తొలగింపుమని ఆజ్ఞాపించు అధికారమును ఆ సెక్షను మేజిస్ట్రేటుకు ఇచ్చియుండెను. మేజిస్ట్రేటు పురపాలక సంఘమును పని చేయవలసినదిగా ఆదేశించెను. సెషన్సు న్యాయస్థానమున ఆ యాజ్ఞ నిలువలేదు. ఉన్నత న్యాయస్థానము దానిని మరల నిలిపెను. పురపాలక సంఘము తనయొద్ద ధనము లేదని సుప్రీంకోర్టునకు పోయెను.

1980వ సంవత్సరము జూలై 29వ తేదీన న్యాయమూర్తులు వి. ఆర్. కృష్ణయ్యరు, ఓ. చిన్నపరెడ్డి గారలు తీర్పు చెప్పిరి. వీరిలో చిన్నపరెడ్డిగారు అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టున న్యాయమూర్తిగా పనిచేసినవారు. ధనము లేదను సాకుతో ప్రజారోగ్యమును కాపాడు ప్రాథమిక విధిని పురపాలక సంఘము తప్పించుకొనజాలదని ఆ తీర్పు స్పష్టము చేసెను. కాలువలు, మరుగుదొడ్లు నిర్ణీత కాలములో కట్టింపవలెనని ఆజ్ఞాపించెను. 2024 జూలై 1 నుండి ఆ పాత కోడునకు మారుగా భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. అందు 152వ సెక్షను ఈ అధికారమునే మేజిస్ట్రేటుకు ఇచ్చుచున్నది.

రత్లాం వీధివారు రాజులు కారు, మంత్రులు కారు. వారికి తెలిసినది తమ వీధి సంగతి. ఆ సంగతిని విడువక, మాట మార్చక, ఒక మెట్టు తరువాత నొక మెట్టెక్కి చెప్పుకొనిరి. ఒక వార్డు ప్రజల మొర దేశములోని పురపాలక సంఘములన్నిటికిని పాఠమైనది. అయినను ప్రతి సమస్యకును న్యాయస్థానమునకు పరుగెత్తనక్కరలేదు. చక్కగా వ్రాసిన మొదటి కాగితమే పనిని సాధించిన సందర్భములు ఎన్నియో కలవు.

అర్జీ వ్రాయుటకు ముందు మన చేతులను కూడ ఒకసారి చూచికొనవలెను. మన ఇంటి చెత్తను కాలువలో పారవేసి, కాలువ పూడినదని ఫిర్యాదు చేయుట న్యాయము కాదు. ఇంటిపన్ను ఎగవేసి, రోడ్డు లేదని నిందించుట తగదు. అట్లని, తప్పు చేసిన ఇరుగుపొరుగువారి పైని కసి తీర్చుకొనుటకు అర్జీని ఆయుధముగా వాడరాదు. కాలువలోనికి దిగి చెత్తను తీయు పారిశుద్ధ్య కార్మికుని నోటికివచ్చినట్లు దూషించుట మిక్కిలి తప్పు. బండను కొనుటకు గాని వేయించుటకు గాని ఆతనికి అధికారము లేదు. మన నిర్లక్ష్యపు భారమును మోయువాడు ఆతడే.

పని జరిగిన పిమ్మట ఒక కార్డు ముక్కపై కృతజ్ఞత తెలుపుటను మరువరాదు. నిందించు ఉత్తరములు వందలుగా చదువు ఉద్యోగికి అట్టి ఉత్తరము ఒకటి వచ్చినచో, ఆ వీధి పేరు ఆతనికి జ్ఞాపకముండును. మరల అవసరము వచ్చినపుడు ఆ వీధివారి మాటను ఆతడు శ్రద్ధతో వినును.

విద్యార్థులారా! వ్యాకరణము, లేఖారచన పరీక్షలో మార్కుల కొరకే నేర్చుచున్నామని తలపకుడు. మీ యింట పెద్దలకు వ్రాయుట రాకపోవచ్చును; వ్రాయవచ్చినను ఎట్లు మొదలిడవలెనో తోచకపోవచ్చును. వారు చెప్పగా మీరు వ్రాయుడు, చదివి వినిపించుడు, వారిచే సంతకము చేయింపుడు. వానకాలము వచ్చుటకు ముందే మీ వీధి చివర వరకు ఒకమారు నడచి, కాలువ యెచట పూడినదో, బండ యెచట విరిగినదో చూచి వ్రాసికొనుడు. నీరు పొంగిన పిమ్మట గొయ్యి కానరాదు.

ప్రశ్నలు

1. పాఠములోని రెండు ఉత్తరములకును గల భేదములను తెలుపుడు. మొదటి ఉత్తరము ఎందువలన నిష్ఫలమగును?

2. అర్జీలో అతిశయోక్తి యెట్లు హాని చేయును? ఉదాహరణముతో వివరింపుడు.

3. “ఆకాశరామన్న ఉత్తరము”, “మహజరు” అనువాని అర్థములను వ్రాయుడు.

4. రత్లాం ప్రజలు ఏ బాధలు పడిరి? సుప్రీంకోర్టు తీర్పులోని ముఖ్యాంశమేమి?

5. మీ వీధిలోని ఒక్క సమస్యను స్వయముగా పరిశీలించి, కొలతలు, తేదీలు గుర్తించి, పాఠమున చెప్పిన ఆరు సంగతులును వచ్చునట్లు సంబంధించిన అధికారికి విన్నపము వ్రాయుడు.